తిరిగొచ్చిన ఉత్తరానికి కొత్త నంబరు

మెయిల్ సర్వర్ చూసుకునే ఉద్యోగంలో చేరబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సర్వర్ బాగా నడుస్తున్నంత కాలం ఆఫీసులో మీరొకరున్నారని ఎవరికీ గుర్తుండదు. అది ఆగిన రోజున మాత్రం మీ పేరు అందరికీ తెలుస్తుంది. దానికి సిద్ధపడి రండి. నేను ఎవరి దగ్గరా శిక్షణ పొందలేదు. నాకు తెలిసిన కొద్దిపాటి పనీ తప్పులు చేసి నేర్చుకున్నదే. ఆ తప్పుల్లో ఒకటి ఇద్దరు ఆడవాళ్ల బతుకుల మీద పడింది. ఈ రాతంతా దాదాపు దాని గురించే.

గది

రెండువేల పది తర్వాతి మాట. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు నర్సింగ్ శిక్షణ సంస్థ ఉండేది. విజయనగరంలో దానికో బ్రాంచి. రెండు చోట్లా కలిపి మెయిల్ వాడేవాళ్లు వందమందికి మించరు. ఆ మెయిల్ అంతా మేడ మీద ఒక చిన్న గదిలో ఉన్న మెషీన్ మీద నడిచేది. ఆ మెషీన్ చూసుకోవడం నా పని.

గదికి కిటికీ లేదు. ఏసీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, మనిషి కోసం కాదు, మెషీన్ కోసం. మే నెలలో కింద అందరూ చెమటలు కక్కుతుంటే నేను పైన స్వెటర్ వేసుకుని కూర్చునేవాణ్ణి. అప్పటికి నా భార్య పోయి మూడేళ్లు. మాకు పిల్లల్లేరు. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో పొలం అన్నయ్య చూసుకునేవాడు. నేను పాత వంతెన దగ్గర ఒక వాటా అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఇంటి దగ్గరా మాట్లాడే మనిషి లేడు, ఆఫీసులోనూ లేడు. పని గురించి ఎవరికైనా చెబుదామన్నా ఆ ఊళ్లో అర్థమయ్యేవాళ్లు నాకు తెలిసి లేరు. ఏదైనా చిక్కు వస్తే ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసినవి చదువుకుని సర్దుకోవడమే.

ఆ గది తలుపు తట్టే మనిషి ఒక్కతే ఉండేది. నూకరత్నం. అడ్మిషన్ల సెక్షన్‌లో కాంట్రాక్టు గుమస్తా. కళింగపట్నం నుంచి రోజూ బస్సులో వచ్చేది. భర్త వేటకెళ్తాడు. వాళ్ల వీధిలో ఆఫీసులో కూర్చుని పనిచేసిన మొదటి ఆడమనిషి తనే. నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకుంది. మెయిల్లో ఏ చిన్న సందేహం వచ్చినా మెట్లెక్కి వచ్చేది.

“ఏటి సారూ, ఈ సలిలో ఒక్కరూ ఎలగుంతన్నారు? మా ఐసు గోదాం నయం, అక్కడ నలుగురు మనుసులైనా ఉంతారు” అనేది.

మధ్యాహ్నం నేను డబ్బా విప్పే వేళకు అప్పుడప్పుడు ఎండు రొయ్యల పొడి కాగితంలో చుట్టి తెచ్చేది. బల్ల మీద పెట్టి, అయిదు నిమిషాలు కూర్చుని, వాళ్ల ఊరి కబుర్లేవో చెప్పి వెళ్లేది. ఆ అయిదు నిమిషాల తర్వాత సాయంత్రం దాకా నేను ఎవరితోనూ మాట్లాడని రోజులు చాలా ఉన్నాయి.

నంబర్ల సంగతి

జరిగింది తెలియాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. కష్టమైనదేం కాదు.

మెయిల్ సర్వర్ ప్రతి ఉత్తరానికీ ఒక నంబరు ఇస్తుంది. మీ తెర మీద అది కనిపించదు. మీ కంప్యూటరూ సర్వరూ తమలో తాము మాట్లాడుకోవడానికి వాడుకునే నంబరు అది. ప్రతి ఫోల్డర్‌కూ దాని వరస దానిదే. ఇన్‌బాక్స్‌లోకి వచ్చిన ఉత్తరాలకు ఒకటి, రెండు, మూడు అని పెరుగుతూ పోతుంది. ఒక ఉత్తరం తీసేస్తే ఆ నంబరు ఖాళీగా ఉండిపోతుంది గానీ ఇంకో ఉత్తరానికి రాదు. అయిపోయిన నంబరు మళ్లీ పుట్టదు.

మీరు ఒక ఉత్తరాన్ని ఇన్‌బాక్స్ నుంచి వేరే ఫోల్డర్‌లోకి జరిపితే, అక్కడి వరసలో ఆఖరున దానికి కొత్త నంబరు వస్తుంది. పాత నంబరు పోతుంది. దాన్నే మళ్లీ ఇన్‌బాక్స్‌లోకి తెస్తే? పాత నంబరు ఇవ్వదు. ఆ పూట ఇన్‌బాక్స్ వరస ఎక్కడిదాకా వచ్చిందో దాని తర్వాతి నంబరు ఇస్తుంది. ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకున్నవాడు చీటీ ఇచ్చేసి ఇంకో డాక్టరు దగ్గరికి పోయి తిరిగొస్తే, వాడికి మళ్లీ కొత్త చీటీయే. అలాంటిదే ఇది.

అంటే నంబరు చెప్పేది ఒక్కటే: ఉత్తరం ఆ ఫోల్డర్‌లోకి ఎప్పుడు వచ్చిందని. అసలు మన సర్వర్‌కు ఎప్పుడు చేరిందో అది చెప్పదు. ఈ రెండూ ఒకటేనని నేను చాలాకాలం అనుకున్నాను. ఎవరూ జరపని ఉత్తరాల విషయంలో అవి ఒకటే గనక, నా పొరపాటు నాకు తగల్లేదు.

సత్యనారాయణ గారు

మా పరిపాలనాధికారి సత్యనారాయణ గారు విజయనగరం మనిషి. తొందర మనిషి, కోపిష్టి. అయినా ఆయన దగ్గర పనిచేయడం నా అదృష్టమనే ఇప్పటికీ అనుకుంటాను.

చేరిన రెండో ఏడు పాత మెషీన్ బలహీనపడితే, ఒక ఆదివారం కూర్చుని మెయిల్ అంతా కొత్త మెషీన్ మీదకు మార్చాను. ఫోల్డర్‌లో నంబర్లతో పాటు ‘నా నంబర్లు ఇంకా చెల్లుతాయి’ అని చెప్పే గుర్తు ఒకటి ఉంటుంది. నేను మార్చిన పద్ధతిలో ఆ గుర్తు మారిపోయింది. సోమవారం పొద్దున విజయనగరం బ్రాంచిలో కంప్యూటర్లన్నీ తెరవగానే, తమ దగ్గరున్న ఉత్తరాలన్నీ చెల్లనివని తీసిపారేసి, మొదటి నుంచీ మళ్లీ దింపుకోవడం మొదలుపెట్టాయి. బ్రాంచికున్నది సన్నని ఇంటర్నెట్ లైను. సాయంత్రం దాకా ఒక్క కొత్త ఉత్తరం అందలేదు. పిల్లల హాల్‌టికెట్లు ఆ అందనివాటిలోనే ఉన్నాయి.

సత్యనారాయణ గారు పిలిచారు. తప్పు నాదేననీ, అలా మారుతుందని నాకు తెలియదనీ చెప్పాను. ఆయన నా ముందే బ్రాంచికి ఫోన్ చేసి, “నేనే మార్చమన్నాను. ఇబ్బంది అయింది, రేపటికి సర్దుకుంటుంది” అన్నారు. ఫోన్ పెట్టేసి నావైపు తిరిగారు.

“తెలీదని చెప్పావు చూడు, అది నాకు నచ్చింది. ఇంకెప్పుడూ నా దగ్గర ఇలాగే ఉండు.”

ఆ రోజు నుంచి మెషీన్ సంగతుల్లో ఆయన నా మాట రెండోసారి అడగలేదు. నేనేం చెబితే అదే. ఒంటరిగా ఉన్నవాడికి అలాంటి నమ్మకం ఎంత రుచిగా ఉంటుందో నాకు తెలుసు. క్రమేణా ‘తెలీదు’ అనే మాట నా నోటికి రావడం మానేసింది. ఏళ్లు గడిచేకొద్దీ నాకు పని ఎక్కువ తెలిసిందని కాదు. నన్ను అడగడం మానేశారు, అంతే.

గౌరి దరఖాస్తు

ఆ తర్వాత మూడేళ్లకు జరిగింది ఇది. శిక్షణలో చేరడానికి దరఖాస్తులు మెయిల్లో పంపమన్నారు. శుక్రవారం సాయంత్రం ఆఖరు గడువు. కొద్ది సీట్లే. ఎంపిక జాబితాలో గౌరి అనే కళింగపట్నం అమ్మాయి పేరు వచ్చింది. నూకరత్నానికి వరసకు మేనకోడలు. అదే వీధి.

జాబితాలో పేరు రాని ఒక అమ్మాయి తండ్రి ఫిర్యాదు రాశాడు. గౌరి దరఖాస్తు గడువు దాటాక వచ్చిందనీ, తన చుట్టాలమ్మాయి గనక గుమస్తా తేదీ మార్చి లోపల పెట్టిందనీ. ఎవరు చెప్పారో ఏమో, ఇన్‌బాక్స్‌లో ఆ దరఖాస్తు సోమవారం కనబడిందనీ రాశాడు.

సత్యనారాయణ గారు పొద్దున పదింటికి పిలిచి, “మధ్యాహ్నం అడ్మిషన్ల కమిటీ కూర్చుంటుంది. అసలు ఆ మెయిల్ ఎప్పుడొచ్చిందో చూసి చెప్పు” అన్నారు.

నేను పైకొచ్చి అడ్మిషన్ల ఇన్‌బాక్స్ నంబర్లు తీసి చూశాను. గౌరి ఉత్తరం మీద తేదీ గురువారం అనే ఉంది. కానీ తేదీలను నమ్మలేం, పంపేవాడి కంప్యూటర్‌లో గడియారం మార్చినా మారుతుంది. నంబరు మాత్రం మన సర్వర్ ఇచ్చేది. శుక్రవారం సాయంత్రం వచ్చిన ఆఖరి ఉత్తరం నంబరు 2358. గౌరిది 2371. సోమవారం పొద్దున వచ్చిన ఉత్తరాల పక్కన ఉంది.

ఇంకో సంగతి కూడా కనబడింది. గురువారం వచ్చిన ఉత్తరాల వరసలో 2331 లేదు. ఒక్క ఖాళీ. ఏదో పనికిమాలిన ఉత్తరం తీసేసి ఉంటారనుకున్నాను. ఆ ఖాళీ దగ్గర ఆగి ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే సరిపోయేది.

బయటి నుంచి ఏ ఉత్తరం ఏ నిమిషాన మన గుమ్మంలోకి వచ్చిందో సర్వర్ వేరేగా ఒక లాగ్‌లో రాసుకుంటుంది. నాలుగు వారాల లాగ్ మెషీన్‌లోనే ఉండేది. అందులో వెతకాలంటే పూట పడుతుంది. సత్యనారాయణ గారికి మధ్యాహ్నానికల్లా చెప్పాలి. పైగా నంబరు చూశాక నాకు అనుమానమే లేకపోయింది. వెతకలేదు.

కమిటీ ముందు

ప్రిన్సిపాల్ మేడమ్, సత్యనారాయణ గారు, ఇద్దరు కమిటీ సభ్యులు కూర్చున్నారు. నాకో కుర్చీ వేశారు. నూకరత్నం గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

“ఆ ఉత్తరం సోమవారమే వచ్చిందంటావు. ఖాయమేనా?” అన్నారు సత్యనారాయణ గారు.

“ఖాయం సార్. తేదీ ఎవరైనా మార్చుకోవచ్చు. నంబరు సర్వర్ ఇస్తుంది. అది ఎవరి చేతిలోనూ ఉండదు.”

నూకరత్నం ఒకడుగు ముందుకు వేసింది.

“నాను సెప్తాను సారూ. గౌరిది గురువారమే వచ్చినాది. శుక్రవారం నాను దాన్ని ‘సూసినవి’ అన్న ఫోల్డర్‌లో పెట్టీసినాను. సోమవారం తీసి సూస్తే మార్కుల కాయితం మసగ్గా ఉన్నాది. మల్లీ పంపమనాల గదా అనీసి ఇన్‌బాక్సులోకి తెచ్చీసినాను. అంతే. ఇంకేటీ సెయ్యలేదు.”

సత్యనారాయణ గారు నావైపు చూశారు. “అలా పక్కన పెట్టి మళ్లీ తెస్తే నంబరు మారుతుందా?”

నాకు తెలియదు. ఇప్పుడు నిజాయితీగా చెప్పగలిగింది అదే. ఎప్పుడూ చేసి చూడలేదు. పైకెళ్లి ఒక ఉత్తరాన్ని అటు జరిపి ఇటు తెస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ నలుగురూ నా మొహమే చూస్తున్నారు. ఎప్పుడూ ఎవరూ పట్టించుకోని నా పనిని ఆ పూట నలుగురు పెద్దవాళ్లు గౌరవంగా వింటున్నారు.

“మారదు సార్” అన్నాను.

నూకరత్నం అరవలేదు, ఏడవలేదు. నావైపు చూసి, “సారూ, మీరే అలగంతన్నారా?” అని మాత్రం అంది.

నేను కాగితాలు సర్దుకున్నాను.

గౌరి పేరు జాబితాలోంచి తీసేశారు. నూకరత్నం కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ఆపేశారు. ఆ మిగిలిన రోజుల్లో ఆమె మేడ మీదకు రాలేదు. ఆఖరి రోజు నేనే కిందకు దిగాను. తాళాలు బల్ల మీద పెట్టి బస్సుకు వెళ్లిపోయిందన్నారు.

తర్వాత నాకు ఆ గది మరీ పెద్దదైపోయింది. మధ్యాహ్నం మెట్ల మీద ఎవరి అడుగులు వినబడినా తలెత్తేవాణ్ణి. అవి పక్క గదిలో ఉన్న రికార్డుల కోసం వచ్చేవాళ్లవి. తప్పు చేసిన మనిషి మీద నాకెందుకింత బెంగ అని నన్ను నేనే కసురుకునేవాణ్ణి.

పాత నోటీసు

నాలుగు నెలలు గడిచాయి. సత్యనారాయణ గారి మెయిల్ డబ్బా నిండిపోతే, పాతవి తీసి సర్దమన్నారు. సర్దుతూ, ఆయన ఇంకా చదవని ఒక నోటీసును పొరపాటున పాతవాటి ఫోల్డర్‌లోకి జరిపాను. వెంటనే చూసుకుని మళ్లీ ఇన్‌బాక్స్‌లోకి తెచ్చేశాను. కింద నుంచి ఆయన ఇంటర్‌కమ్‌లో పిలిచారు.

“ఇదేటోయ్, కిందటి వారం నోటీసు ఇప్పుడు కొత్తగా వచ్చినట్టు నా ఫోన్ మోగుతోంది?”

చూస్తానన్నాను. నంబర్లు తీశాను. కిందటి వారం నోటీసుకు ఆయన ఇన్‌బాక్స్‌లో అన్నిటికన్నా పెద్ద నంబరు ఉంది. అది మొదట ఉన్న చోట ఒక ఖాళీ.

గురువారం వరసలో లేని 2331 గుర్తొచ్చింది.

నా సొంత డబ్బాలో ఒక ఉత్తరాన్ని జరిపి తెచ్చాను. కొత్త నంబరు. మళ్లీ జరిపి తెచ్చాను. ఇంకో కొత్త నంబరు. మూడోసారీ అంతే. పని రాని మెషీన్ ఏదైనా ఉంటే అది నేనే.

అప్పటికి లాగ్ చెరిగిపోయింది. అయితే ఫిర్యాదు వచ్చిన నెలలోనే నేను ఒక డిస్కు మార్చాను. పాత డిస్కు బీరువాలో పడి ఉంది. రెండు రోజులు పట్టింది దాన్ని చదివించడానికి. గురువారం మధ్యాహ్నం, శ్రీకాకుళంలోని ఒక ఇంటర్నెట్ సెంటరు నుంచి గౌరి పేరుతో ఒక ఉత్తరం వచ్చి చేరినట్టు అందులో ఒక వరుస ఉంది. దానికి ముందొచ్చిన ఉత్తరం నంబరు 2330. వెనక వచ్చినదాని నంబరు 2332.

ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం.

వెంటనే పరుగెత్తి చెప్పానని రాస్తే అబద్ధం. మూడు వారాలు నోరు మూసుకున్నాను. నన్నెవరూ అడగడం లేదు, నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసే దారి లేదు. మనం ఒక్కరమే చూసుకునే మెషీన్‌తో ఉన్న ప్రమాదం అదే. మన తప్పు ఎక్కడుందో తెలిసేది కూడా మనకొక్కరికే. ఆ మూడు వారాల్లో ఒకసారి డిస్కును పారేద్దామని చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇది చదివేవాళ్లు నన్ను మంచివాడనుకోకూడదని ఈ మాట రాస్తున్నాను.

కళింగపట్నంలో

ఒక ఆదివారం బస్సెక్కాను. నూకరత్నం ఇల్లెక్కడని అడిగితే తీరం వైపు చూపించారు. ఇసుక మీద పరిచిన వలల పైన నెత్తళ్లు ఎండబోసి ఉన్నాయి. ఆమె చీర పైకి దోపుకుని వాటిని తిరగేస్తోంది. నన్ను చూసి లేచింది గానీ దగ్గరకు రాలేదు. కాస్త దూరంలో భర్త వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

“నువ్వు చెప్పిందే నిజం నూకరత్నం. నంబరు మారుతుంది. తప్పు నాది” అన్నాను.

“ఆ సంగతి నాకు తెల్దేటి? నా సేత్తో నాను తెచ్చింది నాకు తెల్దేటి సారూ?”

బస్సులో మనసులో రాసుకున్న మాటలన్నీ పోయాయి.

ఆమె వంగి మళ్లీ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. అలా తిరగేస్తూనే చెప్పింది.

“ఈ ఈదిలో పిల్లలందరికీ కాయితాలు నింపీదాన్ని నానే. హాస్టలు సీటనీ, కులం సర్టిఫికెట్టనీ నా దగ్గరకే వచ్చీవోరు. ఇప్పుడెవులూ రారు. నూకరత్నం సేత రాయిస్తే దొంగ కాయితమంతారు అనీసి. గౌరి బట్టల కొట్లో పనికెల్తన్నాది. నన్ను సూస్తే తల దించుకొని పోతాది. దాని తప్పేటుందనీ?”

“ఏం చెయ్యమంటావో చెప్పు.”

“నా ఒక్కదానికీ ఇక్కడ సెప్తే ఏటొస్తాది సారూ? ఆ గదిలో అందరి ముందరా అన్నారు. ఆలందరి ముందరే సెప్పండి.”

“చెబుతాను. నిన్ను మళ్లీ పనిలోకి…”

“పని సంగతి నానడగలేదు.”

మంచినీళ్లిచ్చింది. తాగి వచ్చేశాను. బస్సు కోసం గంటసేపు నిలబడ్డాను. ఆ గంటలో నాకు అర్థమైంది, నేను ఆ ఊరికి తప్పు ఒప్పుకోవడానికి మాత్రమే వెళ్లలేదని. ఆమె మళ్లీ వచ్చి తలుపు తడుతుందని ఆశపడి కూడా వెళ్లాను.

మళ్లీ కమిటీ ముందు

సోమవారం సత్యనారాయణ గారికి డిస్కూ, కాగితాలూ చూపించాను. ఆయన కాగితాలు రెండుసార్లు చదివారు.

“ఆ రోజు నేనడిగాను కదయ్యా, నంబరు మారుతుందా అని. నాకు తెలీదు, చూసొస్తానని ఎందుకనలేదు?”

“సిగ్గేసింది సార్.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఇప్పుడు చెబితే సంస్థకి చెడ్డపేరు వస్తుంది. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పద, మేడమ్ దగ్గరికి.”

మూడు రోజుల తర్వాత అదే గదిలో అదే నలుగురు కూర్చున్నారు. ఈసారి నేను కూర్చోలేదు. రాసుకొచ్చింది చదివాను. చదవడం అవ్వగానే సభ్యుల్లో ఒకాయన, “అయితే మెషీన్ పొరపాటన్నమాట” అన్నారు. ఆయన నా మంచికే అన్నారు.

“కాదండీ. మెషీన్ ఇవ్వాల్సిన నంబరే ఇచ్చింది. దాన్ని తప్పు చదివింది నేను. ఆవిడ సరిగ్గా చెబితే కాదన్నదీ నేనే.”

ఇంకొకాయనకు ఇదంతా విసుగ్గా ఉంది. అయిపోయినదాన్ని ఎందుకు తవ్వడం, ఆ అమ్మాయికి వచ్చే ఏడు సీటిస్తే పోలేదా అన్నారు. సీటు ఇవ్వాలి, ఎందుకిస్తున్నారో నోటీసు బోర్డులో పెట్టాలి కూడా అన్నాను. ఆ సంస్థలో నేను గొంతు పెంచి మాట్లాడింది ఆ ఒక్కసారే. ప్రిన్సిపాల్ మేడమ్ ఒప్పుకున్నారు. నూకరత్నం ఏ తప్పూ చేయలేదని సంస్థ పేరుతో ఉత్తరం వెళ్లింది. నోటీసు నెలరోజులు బోర్డు మీద ఉంది. గౌరి తర్వాతి బ్యాచిలో చేరింది. ఒక ఏడు పోయింది. దాన్ని నేను తిరిగి ఇవ్వలేను.

నా మీద ఒక మెమో వేసి వదిలేశారు. అంతకన్నా ఎక్కువే వేయాల్సింది.

ఉద్యోగంలో మళ్లీ చేరమని నూకరత్నాన్ని పిలిచారు. రానంది. ఒకసారి నేనే ఫోన్ చేశాను.

“వద్దు సారూ. కాయితం వచ్చినాది, సాలు. మొన్న ఇద్దరు పిల్లలు దరఖాస్తులు నింపమనీసి వచ్చారు. నాకిక్కడ పనుంది. ఆ మెట్లు మల్లీ ఎక్కలేను” అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో.

గౌరి చదువుకున్న రోజుల్లో వరండాలో ఎదురుపడితే “నమస్కారం సార్” అనేది. అంతకుమించి ఒక్క మాట లేదు. నేనూ మాట కలపలేదు. ఆమె చదువు పూర్తిచేసి వెళ్లిన రోజున సర్టిఫికెట్ మెయిల్లో పంపే పని నాదే. పంపాక అది చేరిందో లేదో లాగ్‌లో రెండుసార్లు చూశాను.

ఆఖరుగా

సత్యనారాయణ గారు ఆ తర్వాత కూడా నన్ను నమ్మారు. అయితే ఏది చెప్పినా “చేసి చూశావా?” అని అడిగేవారు. ఆ ప్రశ్న మొదట్లో గుచ్చుకునేది. తర్వాత ఆయన అడగకముందే నాకు నేను వేసుకోవడం అలవాటైంది. మీరు నా నుంచి తీసుకోవలసింది ఏదైనా ఉంటే ఆ ప్రశ్నే తీసుకోండి. పని తెలియనివాళ్లు తాము చేతులతో చేసింది చెబుతున్నప్పుడు మరీ జాగ్రత్తగా వినండి. మీకు సర్వర్ లోపలి సంగతి తెలుస్తుంది. వాళ్లకు జరిగింది తెలుస్తుంది.

మరి కొన్నేళ్లకు ఆయన రిటైరై వెళ్లిపోయారు. మేడమ్ మారారు. మెయిల్ అంతా ఎక్కడో దూరాన ఉన్న ఇంకో కంపెనీ మెషీన్ల మీదకు పోయింది. నా గదిలో మెషీన్ తీసేశారు, ఏసీ ఆపేశారు. ఇంకో ఏడాది ఆ ఖాళీ గదిలోనే కూర్చుని రిటైరయ్యాను.

వీడ్కోలు సభలో నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో తోచక, ఎవరికి రుణపడ్డానో చెప్పాను. సత్యనారాయణ గారి పేరు చెబితే ఒకరిద్దరు పాతవాళ్లు తలూపారు. నూకరత్నం పేరు చెబితే హాల్లో ఎవరూ కదల్లేదు. ఆమె ఉన్నప్పటివాళ్లు ఎవరూ మిగల్లేదు మరి.

దండ వేశాక పక్కన కూర్చున్న కొత్త ప్రిన్సిపాల్ గారు నెమ్మదిగా అడిగారు. “నూకరత్నం గారంటే ఎవరండీ? మీ పైఅధికారా?”

“కాదండీ. అడ్మిషన్లలో గుమస్తా. నాకు పని నేర్పింది ఆవిడే” అన్నాను.